మూడు చిన్నడుగులు, రెండు పెద్దడుగులు

చెప్పులు వరండాలో విడిచి రండి. గడప దగ్గర చూసుకోండి, బండ కదులుతోంది. ఉన్నది ఒక్క కుర్చీ, దాని కాలు నమ్మదగ్గది కాదు. వెనక గోడ వారగా, బియ్యం మూటల పక్కన చాప వేశాను, అక్కడ కూర్చోండి. ఇరవైరెండు మంది పిల్లలూ ఒక్కసారి మీ వైపు తిరుగుతారు. ఒక్క నిమిషం ఓర్చుకోండి. మీ చేతిలో రిజిస్టరు లేదని, మీరు ఎంఈఓ ఆఫీసు నుంచి రాలేదని తేలగానే మిమ్మల్ని మరిచిపోతారు.

కదిరి నుంచి గాండ్లపెంట వైపు వచ్చే దారిలో, రోడ్డు దిగి కొంచెం లోపలికి వస్తే మా బడి. రెండు గదులు, ఒక వేపచెట్టు, పలకని చేతిపంపు. రెండో టీచరమ్మ ట్రైనింగుకు పోయింది కాబట్టి ఈ రోజు ఒకటి నుంచి ఐదు దాకా తరగతులన్నీ ఒకే గదిలో. ముందు వరసలో పలకలు, వెనక వరసలో నోటుపుస్తకాలు. ప్రేయర్ ఇప్పుడే అయింది, మూతుల మీద రాగిజావ మీసాలు ఇంకా ఆరలేదు.

బోర్డు మీద కుడి మూల ‘నేటి పద్యం’ అని గీత గీసి ఉంది చూశారా. ఐదో తరగతి పాప లేచింది, చేతులు కట్టుకుంది, అందుకుంది. వినండి. ధర్మవరం నుంచి పాకాల పోయే బండి మన స్టేషన్లో ఆగకుండా పోతే ఎట్లా ఉంటుందో అట్లా. మూడు పాదాల్లో ఎక్కడ ఊపిరి తీసిందో తెలియలేదు. నాలుగో పాదం వేమన్న మకుటం. అక్కడికి రాగానే గది గదంతా ఆ పాపతో గొంతు కలిపింది. ఇంకా ‘అ’ దిద్దుతున్న ఒకటో తరగతి వాళ్లతో సహా పైకప్పు లేచేలా అరిచారు. మన పిల్లలకు పద్యం రాకపోయినా మకుటం వస్తుంది.

‘‘పద్యంలో ఏముందిరా?’’ అన్నాను.

ఎవరూ పలకలేదు. పాప తన బొటనవేలి వైపు చూసుకుంటోంది.

‘‘నీతి ఉండాది సార్’’ అని వెనక నుంచి ఒక గొంతు.

వాడు మా మేకలవాళ్ల పిల్లోడు. నాలుగో తరగతి. వారంలో నాలుగు రోజులు బడికి వస్తాడు, మిగతా రోజులు మేకల వెంట పోతాడు. వాడి జవాబులో వెటకారం లేదు. పద్యం అంటే లోపల నీతి ఉండే డబ్బా అని వాడికి మేమే నేర్పాం. మూత తీసి చూడమని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

వేమన వీళ్లకు దూరపు మనిషి కాదు. సమాధి ఉన్న కటారుపల్లి ఇక్కడికి ఆటోలో అరగంట. వీళ్లలో సగం మంది అక్కడ కొబ్బరికాయ కొట్టినవాళ్లే. తాటాకుల మీదా నోళ్లలోనూ చెదిరి ఉన్న పద్యాలను సి.పి. బ్రౌన్ పండితులను పెట్టి పోగుచేయించి, 1829లో ఇంగ్లీషు అర్థంతో అచ్చు వేయించాడు. తాటాకులంటే సరే. చదువు రాని ఇళ్లలో వందల ఏళ్లు ఆ పద్యాలు దేన్ని పట్టుకుని నిలబడ్డాయి? నాకు ఆ సంగతి చెప్పింది మా వంటామె.

పదండి, బయటికి పోదాం. ఎండ ఇంకా చెట్టు కిందికి రాలేదు.

డీఎడ్‌లో నేను ఆటవెలది లక్షణం బట్టీపట్టాను. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి, మరిచిపోయాను. మూడేళ్ల కిందట ఒకరోజు ఇదే చెట్టు కింద పిల్లలతో పద్యం చెప్పిస్తుంటే, పొయ్యి దగ్గర నుంచి వంటామె లేచి వచ్చింది. ఆమెకు సంతకం తప్ప రాదు. వాళ్ల నాయన చెక్కభజన గురువు. ‘‘అడుగు తప్పుతాండాది సార్’’ అంది. కొంగు నడుముకు దోపి, చేతులు రెండూ చెక్కల్లా తట్టుకుంటూ, పద్యం పాడుతూ అడుగులేసి చూపించింది. మూడు చిన్నడుగులు, రెండు పెద్దవి. వెనక్కి తిరిగి ఐదూ చిన్నవి. మళ్లీ మూడు, రెండు. మళ్లీ ఐదు.

నేను అక్కడే నిలబడిపోయాను. సూర్యగణానికి మూడు మాత్రలు, చిన్నడుగు. ఇంద్రగణానికి నాలుగో ఐదో, పెద్దడుగు. ఆటవెలది అంటే నాట్యమాడే ఆడమనిషి అని అర్థం. పేరులోనే పెట్టి ఇచ్చారు మనకు. పన్నెండేళ్లు పాఠం చెప్పాక నాకు తట్టింది.

ఇప్పుడు చూడండి. ఆ ఐదో తరగతి పాపనే ముందు నిలబెట్టాను, వెనక వరసగా మిగతావాళ్లు. ఇందాకటి పద్యమే. మొదటి అడుగుకే బండి స్పీడు తగ్గింది, ఎందుకంటే కాలు నోటంత తొందరగా పోలేదు. పెద్దడుగు దగ్గర చిన్నపిల్లలు గెంతుతున్నారు. రెండో పాదంలో ఐదు చిన్నడుగులు వేసేటప్పటికి అందరూ మొదట బయల్దేరిన గీత వైపు తిరిగొచ్చేశారు. మూడోసారికి పాప ఉన్నట్టుండి ఆగింది.

‘‘సార్, వేమన్న ఈడ తిడతాండాడు గదా!’’

రోజూ ఒప్పజెప్పే పద్యమే. కాళ్లు నిదానించాక దాని అర్థం ఇప్పుడు చెవిన పడింది. ఎవరిని తిడుతున్నాడని అడిగాను. కాసేపు తర్జనభర్జన పడి, ఊళ్లో ఒకాయన పేరు చెప్పారు. ఆ పేరు మీకు చెప్పను. వాళ్ల ఎంపిక మాత్రం తప్పు కాదు.

‘‘మనం కూడా ఒకటి కడదామా?’’ అన్నాను. ఈ మాట ఎప్పుడన్నా మొదట వచ్చేది నీతులే. చెట్లు పెంచాలి, అమ్మానాన్నల మాట వినాలి. ఒక పాప సెల్‌ఫోన్ చూడరాదంది. వద్దన్నాను. ‘‘పొద్దున ఏం చూశారో చెప్పండి, చాలు.’’

మేకల పిల్లోడు గోడనానుకుని ఉన్నాడు. ‘‘మేక మేత మేసి మెల్లగా నడిచింది’’ అన్నాడు, పద్యం కడుతున్నట్టు కాదు, ఊరికే.

‘‘ఐదు చిన్నడుగుల్లో నడువు దాన్ని.’’

నడిచాడు. మేక, మేత, మేసి, మూడడుగులు బాగా పడ్డాయి. అక్కడి నుంచి కాళ్లు తడబడ్డాయి. మిగిలిన రెండు చిన్నడుగుల్లో అన్ని మాటలు పట్టలేదు. మళ్లీ వెనక్కి పోయాడు. ‘‘మెల్లగా’’లో ‘గా’ తీసేశాడు. ‘‘నడిచింది’’ని ఏం చేయాలో తోచక నా వైపు చూశాడు. పద్యాల్లో వేమన్న ఎట్లా అంటాడో గుర్తు తెచ్చుకోమన్నాను. పెదాలు కదిలాయి. ఈసారి అడుగులతో పాటు వచ్చింది.

‘‘మేక మేత మేసి మెల్ల నడిచె!’’

ఐదు చిన్నడుగులు, సరిగ్గా ఐదు. మొదటి అడుగులో ‘మే’, నాలుగో అడుగులో ‘మె’. యతి కూడా పడింది. యతి అంటే ఏమిటో వాడికి తెలియదు, నేను చెప్పలేదు కూడా. తెలిసిన మాటల్లోంచి చెవే దాన్ని ఏరుకుంది. అందరం లోపలికి పోయాక బోర్డు మీద రెండో పాదం చోట రాశాను. మొదటి పాదం ఖాళీ.

‘‘మేక ఎవరి చేను మేసింది?’’ అంది రెండు జడల పాప. ఇంతసేపూ నోరు విప్పనిది. వాళ్లకు బుడ్డల చేను, అంటే వేరుశనగ చేను ఉంది. కదిరి పరిశోధన కేంద్రం వాళ్ల కె-6 రకం వేస్తారు. మేకలవాళ్లకూ చేన్లవాళ్లకూ ఉండే తగువు మీకు తెలియంది కాదు. ఆ పాప లేచి నడుస్తూ అంది:

‘‘బుడ్డ చేను పక్క బుడ్డోడు కూచుంటె...’’

మూడు చిన్నవి, రెండు పెద్దవి. తరగతి గొల్లుమంది. కాపలా కాయాల్సిన బుడ్డోడు కూచున్నాడు, మేక మేసి నిదానంగా పోయింది. మేకల పిల్లోడి ముఖం ఎర్రబడింది, కానీ వాడూ నవ్వుతున్నాడు. రెండు పాదాలు ఉన్నాయి, రెండు లేవు. బోర్డు తుడవొద్దని చెప్పి గంట కొట్టాను.

ఇంటర్వెల్ తర్వాత కథ. ఇక్కడ నా తప్పొకటి ముందే ఒప్పుకోవాలి. చాలా ఏళ్లు నేను కథ అయిపోగానే ‘‘ఈ కథలోని నీతి ఏమిటి?’’ అని బోర్డు మీద రాసేవాణ్ని. సింహం, కుందేలు కథ చెప్పిన రోజు ఒకడు నోటుపుస్తకంలో ‘అబద్ధం ఆడరాదు’ అని రాసి తెచ్చాడు. రైటు పెట్టబోయి ఆగాను. ఆ కథలో కుందేలు ఆడినదంతా అబద్ధమే, అది ఆడబట్టే అడవి బతికింది. వాడు కథ వినలేదని కాదు, నోరు తెరుచుకుని విన్నాడు. నా ప్రశ్నకు ఏ జవాబు రాస్తే మార్కు పడుతుందో వాడికి తెలుసు, అది రాశాడు. ఆ ప్రశ్న మానేశాను. క్లస్టర్ మీటింగులో దీని మీద నాకు అక్షింతలు పడ్డాయి, అది వేరే సంగతి.

ఇప్పుడదే కథ. చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక వేసిన నాటి నుంచి తెలుగు బళ్లలో పంచతంత్రం తిరుగుతూనే ఉంది. నేను పుస్తకం పట్టుకోను. పట్టుకుంటే పిల్లలు పుస్తకం వంక చూస్తారు. రోజుకో జంతువు వంతు. కుందేలు వంతు వచ్చిన రోజు అది కావాలని ఆలస్యంగా పోయింది. సింహం పొట్ట గుర్రుమంటోంది. ఒకటో తరగతిలో ఒకడు గుర్రుమన్నాడు, వాడి పక్కవాడూ అందుకున్నాడు. నేను ఆపలేదు, గొంతు తగ్గించాను. నేను తగ్గిస్తే వాళ్లూ తగ్గుతారు. కుందేలు చెప్పింది, దారిలో ఇంకో సింహం ఆపింది స్వామీ, అదుగో ఆ బావిలో ఉంది. సింహం వంగి చూసింది...

‘‘బావిలో నీళ్లుంటే గదా సార్ నీడ పడేది?’’

ఇదిగో, ఇక్కడ ఆగాలి. మా పిల్లలకు తెలిసిన బావి ముళ్లకంప వేసిన ఎండు గుంత. నీళ్లుండేది బోరులో, బోరులో సింహం పట్టదు. ఐదారుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు. ‘‘వాన పడిన ఏడు అనుకోరా’’ అని ఐదో తరగతి పాప తీర్పు చెప్పింది. అట్లాంటి ఒక ఏడు వాళ్ల తాత ఎద్దులతో కపిలి తోలి నీళ్లు తోడిన కథ రెండు జడల పాప చెప్పింది. సింహం అంతసేపూ బావి గట్టు మీద వంగి నిలబడే ఉంది. దాన్ని దూకించి కథ ముగించేసరికి పది నిమిషాలు పట్టింది.

చప్పట్లు కొట్టారు. అప్పుడు మూడో తరగతి పిల్ల ఒకటి, పెద్దగా మాట్లాడనిది, కూర్చునే అడిగింది.

‘‘కుందేలు కంటే ముందు పోయినోళ్ల అమ్మలు ఏం చేసినారు సార్?’’

నాకు జవాబు లేదు. పంచతంత్రంలోనూ లేదు. ‘‘నువ్వేం అనుకుంటాండావు?’’ అన్నాను. ఆ పిల్ల ఏమీ చెప్పలేదు, పలక మీద ఏదో గీసుకుంటూ కూర్చుంది. కాసేపయ్యాక మీరు అటు వంగి చూడండి. పెద్ద జింక ఒకటి ఉంది. పక్కన చిన్న జింక గీసి, చేత్తో చెరిపేసింది.

ఇట్లా జవాబు లేక ఓడిపోయినప్పుడు నాకు ఒక పుస్తకం గుర్తొస్తుంది. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా అనే ఆయన ఉండేవాడు. వకీలు పని వదిలి పిల్లల బడిలో చేరాడు. 1930ల మొదట్లో రాసిన ‘దివాస్వప్న’లో ఒక పంతులు తన ప్రయోగం చెబుతాడు. మొదటి రోజు పిల్లలను నిశ్శబ్దంగా కూర్చోబెట్టే ఆట ఆడించబోయి చతికిలబడతాడు. మర్నాడు కథ మొదలుపెడతాడు, గది సర్దుకుంటుంది. ఆ పుస్తకం చదివిన ప్రతి టీచరూ రెండో రోజు గురించే మాట్లాడతాడు. నాకు మొదటి రోజు ఇష్టం. ఓడిపోయానని రాసుకోవడానికి ధైర్యం కావాలి.

అన్నం గంట. సాంబారు, కోడిగుడ్డు. మీకూ ఒక పళ్లెం పెడుతుంది వంటామె, వద్దనకండి, నొచ్చుకుంటుంది. బోర్డు మీది రెండు పాదాలు ఎవరో చదివి వినిపించినట్టున్నారు, గరిటె పట్టుకునే నవ్వుతోంది.

మధ్యాహ్నం పూట పిల్లల కళ్లు వాలతాయి, అందుకే ఈ పీరియడుకు మహనీయుల కథలు పెట్టుకుంటాను. ఈ రోజు కలాం. ‘‘చిన్నప్పుడు పేపర్లు వేశాడు, పెద్దయ్యాక రాష్ట్రపతి అయ్యాడు’’ అనగానే ఐదో తరగతిలో ఒకడు తల అడ్డంగా ఊపాడు.

‘‘మా అన్న మూడేళ్లుగా పాలు పోస్తాండాడు సార్. ఏమీ కాల్యా.’’

వాడితో వాదించను. కష్టపడితే రాష్ట్రపతి అవుతావని పిల్లలకు చెప్పడం నాకూ గిట్టదు. అది కథ కాదు, చీటీపాట. అందుకని పైనుంచి కాక రైలు పట్టాల దగ్గర నుంచి మొదలుపెట్టాను. కలాం పుట్టింది 1931లో. రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు దాదాపు ఎనిమిదేళ్లు, అంటే మన మూడో తరగతి. యుద్ధం వల్ల రామేశ్వరం స్టేషన్లో రైలు ఆగడం మానేసింది. రామేశ్వరానికీ ధనుష్కోటికీ మధ్య, కదిలే రైల్లోంచి పేపర్ల కట్టలు కిందికి విసిరేసేవాళ్లు. అవి పట్టుకోవడానికి వాళ్ల బంధువుల్లో అన్న వరసైన శంసుద్దీన్‌కు ఒక తోడు కావాల్సి వచ్చింది.

వాలిన కళ్లు తెరుచుకున్నాయి. కట్ట ఎంత బరువు? రైలు ఎంత జోరు? పట్టాలకు ఏ పక్క నిలబడాలి? తాడు తెగితే? గాలికి పేపర్లు ఎగిరిపోతే శంసుద్దీన్ కొడతాడా? నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవన్నాను. ఇక ఆపడం నా వల్ల కాలేదు. బెంచీలు రైలయ్యాయి, నోటుపుస్తకాలకు తాడు కట్టారు. కదిరి స్టేషన్లో ఆగే బండి చూసిన పిల్లలు కాబట్టి కూత కూడా సరిగ్గా వచ్చింది. విసిరిన మొదటి కట్ట మీ చాప మీదే పడింది. దెబ్బ తగల్లేదు కదా?

పాలు పోసే అన్న ఉన్నవాడే ఎక్కువ కట్టలు పట్టాడు. ఆయాసపడుతూ వచ్చి, ‘‘డబ్బులిచ్చేటోళ్లా సార్?’’ అన్నాడు. ఇచ్చేవాళ్లన్నాను. సొంతంగా సంపాదించిన ఆ మొదటి డబ్బు తాలూకు గర్వం అర్ధశతాబ్దం తర్వాతా పోలేదని కలాం రాసుకున్నాడు. వాడు తలూపాడు. వాళ్ల అన్నకూ అట్లాగే ఉంటుందన్నాడు.

అన్ని కథలూ ఇట్లా నడవవు. ఇక్కడికి దగ్గర్లో గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాదాపు ఐదెకరాలు పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. పిల్లలను తీసుకుపోతే ఊడలు పట్టుకుని ఊగుతారు. ఆ చెట్టు కథలో తిమ్మమ్మ భర్త చితిలో దూకుతుంది, చితికి పాతిన గుంజ చిగురిస్తుంది. ఈ ఊళ్లలో అది భక్తి కథ. నేను చెట్టు గురించి చెబుతాను, మంట గురించి చెప్పను. పోయినేడు ఒక పాప నన్ను పట్టేసుకుంది. ‘‘మా జేజి చెప్పింది సార్, నువ్వు సగమే చెప్తాండావు’’ అని. నిజమే, సగమే చెప్పాను. మిగతా సగం ఎనిమిదేళ్ల ఆడపిల్లకు ఎట్లా చెప్పాలో ఇప్పటికీ చిక్కలేదు.

ఆఖరి పీరియడు. బయట నీడ గోడెక్కింది. బోర్డు మీద ఖాళీగా ఉన్న రెండు గీతల ముందు మేకల పిల్లోడు నిలబడి ఉన్నాడు. అన్నం తినేటప్పుడే కుదిరిందట, మరిచిపోతానేమోనని అప్పటి నుంచి మనసులో నడుస్తున్నాడట. ‘‘మా జేజి ఊరుకోదు సార్’’ అని మొదలుపెట్టాడు.

‘‘జేజి కర్ర తీసి జాడించి కొట్టగా...’’

ఎవరిని కొట్టింది? మేకనా, బుడ్డోణ్నా? చెప్పడు, నవ్వుతాడు. నాలుగో పాదానికి గదంతా పోటీపడింది. మేక ఏడ్చింది అన్నారు, ఐదడుగులకు చాలలేదు. బుడ్డోడు పారిపోయాడు అన్నారు, చిన్నడుగులో పట్టలేదు. ముందు వరసలో రాగిజావ మీసం ఇంకా తుడుచుకోని ఒకటో తరగతి వాడు, ఎవరూ అడక్కుండానే, ‘‘కోడి’’ అన్నాడు. కోడి ఎక్కడి నుంచి వచ్చిందో వాడికే తెలియాలి. కానీ దెబ్బ చప్పుడుకు కోళ్లు లేస్తాయి, ఆ మాట నిజం. నలుగురు పట్టుకుని దాన్ని కొండ దాకా తోలారు. బోర్డు మీద ఇప్పుడు నాలుగు పాదాలూ ఉన్నాయి:

బుడ్డ చేను పక్క బుడ్డోడు కూచుంటె
మేక మేత మేసి మెల్ల నడిచె
జేజి కర్ర తీసి జాడించి కొట్టగా
కోడి గూడ లేచి కొండకెక్కె

‘‘మకుటం ల్యాదు సార్’’ అంది ఐదో తరగతి పాప. పొద్దున పద్యం చెప్పింది తనే కదా, ఆ బాధ్యత ఉంది. కోడిని తీసేసి ఆ చోట వేమన్న పేరు పెడితే సరిపోతుందంది.

కోడిని తెచ్చినవాడి మూతి వంకరైంది. మేకల పిల్లోడు అడ్డం వచ్చాడు. ‘‘వేమన్న పేరు ఎందుకు? మేకలు మావి గదా.’’

‘‘చేను మాది’’ అంది రెండు జడల పాప.

తగువు తెగలేదు. కోడి నిలిచింది. ‘నేటి పద్యం’ గీత కింద పాతది తుడిచి, ఈ పద్యాన్ని రేపటికి రాసే పని మేకల పిల్లోడికి ఇచ్చాను. వాడికి రాయడం కష్టం, నాలుక బయటపెట్టి అక్షరం అక్షరం గీస్తున్నాడు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. రాయడం అయ్యాక ఐదో తరగతి పాప బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు చదువుతూ అడుగులేసింది. నాలుగో పాదం చివర వాడు ‘కొండకెకె’ అని రాశాడు. ఆ పాప అట్లాగే చదివింది. ఆఖరి అడుగుకు మాట చాల్లేదు, కాలు గాల్లో నిలిచిపోయింది.

అందరూ నవ్వారు. వాడు బోర్డు వైపు చూశాడు, ఆ పాప కాలు వైపు చూశాడు. పెదాలు కదిపి మళ్లీ ఒకసారి లోలోపల నడిచాడు. చాక్‌పీసు గోరంతే మిగిలింది. దాన్ని రెండు వేళ్ల మధ్య ఇరికించి పట్టుకుని, చివరి అక్షరం కింద ‘క’ ఒత్తు పెట్టాడు.